నీరు చూసి, నోరు చూసి

అవనిగడ్డలో ఆ ఇంటి వసారాలోకి ఈ సంక్రాంతికి కొత్త గాజు తొట్టి ఒకటి వచ్చింది. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు చొప్పున లెక్కేస్తే 127 లీటర్లు. అడుగున రెండంగుళాల ఇసుక, పైన రెండంగుళాల ఖాళీ తీసేస్తే నికరంగా పట్టే నీళ్లు దాదాపు వంద లీటర్లు. ఎనభై దాటిన అమ్మమ్మకు కాలక్షేపంగా ఉంటుందని తెచ్చారు. అందులో ఏ చేపలు వేయాలన్న దగ్గర వాదన మొదలైంది.

ఒక పక్షం మేనమామ. గుడివాడ నుంచి ముదినేపల్లి వెళ్లే వైపు ముప్పై ఏళ్లుగా చేపల చెరువులు చేస్తున్న రైతు. రెండో పక్షం మేనకోడలు. దివిసీమలోనే, భావదేవరపల్లి ఫిషరీస్ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, ఇప్పుడు బందరులో ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లో నాలుగు తొట్లు నడుపుతోంది. చేపలు ఇద్దరికీ తెలుసు, తెలిసిన తోవలే వేరు. ఆయన చేపను మేతతో, బరువుతో, పట్టుబడితో ఎరుగును. ఆమె రోజూ సాయంత్రం గాజు ముందు కూర్చుని, ఏది దేన్ని తరుముతోందో, ఏది మూలకు నక్కుతోందో చూస్తూ ఎరుగును.

మధ్యలో ఒక కాగితం. ఆమె పదేళ్ల కొడుకు బందరులో రంగుచేపల దుకాణం ముందు నిలబడి రాసుకున్న జాబితా: గోల్డ్‌ఫిష్ రెండు, ఏంజెల్ రెండు, నియాన్ టెట్రాలు పది, టైగర్ బార్బ్‌లు మూడు, గప్పీలు నాలుగు, ‘షార్క్’ రెండు, గాజు నాకే సక్కర్ ఒకటి.

మేనమామ కళ్లజోడు సవరించుకుని చదివి, వేలు ఒక్కచోట ఆపాడు.

“ఈ షార్క్ అంటే ఏదమ్మా? వెండిలా మెరుస్తూ, ఒక్కచోట నిలవకుండా తిరుగుతూ ఉంటుంది, అదేనా?”

“అదే మావయ్యా. వేలెడంత ఉంది.”

“అది మా ఫంగస్ చేప. కైకలూరు చెరువుల్లో టన్నులకు టన్నులు పడుతున్నాం. దుకాణంలో వేలెడంత ఉన్నది మా దగ్గర ఏడాది తిరక్కుండా కిలో అవుతుంది. వంద లీటర్లలో దాన్ని ఏం చేస్తావు?”

ఆయన చెప్పింది నిజం. అక్వేరియం దుకాణాల్లో షార్క్ పేరుతో అమ్మే ఆ పిల్ల పంగేసియస్. సొరచేపతో దానికి చుట్టరికం లేదు, అది జెల్లల వర్గానిది. పుట్టిల్లు మెకాంగ్ నది. 1990లలో బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చింది. నదిలో స్వేచ్ఛగా పెరిగితే నాలుగడుగులు దాటుతుంది. ‘పిరానా’ అని కొన్ని దుకాణాల్లో అమ్మే ఎర్రపొట్ట పిల్ల కూడా చాలాసార్లు మన చెరువుల్లోని రూప్‌చందే. కృష్ణా డెల్టాలో పుట్టిన పిల్లవాడు తమ ఊరి మార్కెట్లో కిలోల లెక్కన తూచే చేపనే వింత జంతువనుకుని కొనుక్కుంటున్నాడు.

జాబితాలోని ఆ రెండు షార్క్‌లనూ కొట్టేయడంలో ఇద్దరికీ పేచీ లేకపోయింది. పేచీ ఆ తర్వాత.

“మిగతా వాటికి నా దగ్గర ఒకటే సూత్రం,” అన్నాడు మేనమామ. “చెరువులో బొచ్చె పైన తింటుంది, శీలావతి నడిమి నీటిలో తింటుంది, మోసు అడుగున తింటుంది. ఒకదాని మేతకు ఇంకొకటి అడ్డం రాదు. ఏ చేప ఎక్కడ తింటుందో తెలుసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు, నోరు చూస్తే చాలు. బొచ్చె నోరు పైకి తెరుచుకుంటుంది. మోసు నోరు కిందికి ఉంటుంది. నీ తొట్టిలో కూడా పైకి నోరున్నవి కొన్ని, ఎదురుగా ఉన్నవి కొన్ని, కిందికి ఉన్నవి కొన్ని వెయ్యి. తగవు తీరిపోతుంది.”

మేనకోడలు ఒప్పుకోలేదు. “నోటి లెక్క మంచిదే మావయ్యా. గప్పీ నోరు పైకే ఉంటుంది, కోరిడోరాస్ నోరు కిందికి, మీసాలతో ఉంటుంది. కానీ ఒక మాట అడుగుతాను, మీ చెరువులో ఇప్పుడు మోసు ఎక్కడుంది?”

ఆయన కాసేపు మాట్లాడలేదు. కొల్లేరు చుట్టుపక్కల చెరువులు తెలిసినవాళ్లకు ఆ మౌనం అర్థమవుతుంది. మూడు చేపల పెంపకం పుస్తకాల్లో ఉన్నంత నిక్కచ్చిగా ఈ చెరువుల్లో ఎన్నాళ్లనుంచో లేదు. పది చేపల్లో ఎనిమిదికి తగ్గకుండా శీలావతి, మిగిలిన చోట బొచ్చె. తవుడు సంచులకు చిల్లులు పెట్టి, నీళ్లలో పాతిన కర్రలకు వేలాడదీస్తే శీలావతి వచ్చి పొడుచుకు తింటుంది. మోసు ఎదుగుదల తక్కువ, బురదను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి వలకు చిక్కడమూ కష్టం. రైతు దాన్ని వదిలేశాడు.

“వదిలేసింది బజారు కోసం,” అన్నాడు చివరికి. “అవి కొట్టుకుంటున్నాయని కాదు.”

“నేననేదీ అదే. మీ మూడంతస్తుల లెక్క మేత లెక్క. ఎకరం నీళ్లలో ఒక చేపకు ఇంకొకటి గిట్టకపోతే పక్కకు తప్పుకుంటుంది. మూడడుగుల గాజులో తప్పుకునే చోటేది? మేత పంచుకున్నంత మాత్రాన కాపురం కుదిరినట్టు కాదు. నేను ముందు చూసేది నడత.”

జాబితాలో టైగర్ బార్బ్‌ల దగ్గర ఆమె వేలు పెట్టింది. సుమత్రా, బోర్నియో దీవుల చేప అది. పసుపు ఒంటి మీద నల్లని చారలు, రెండంగుళాల పొడవు. ఎనిమిది, పది కలిసి ఉంటే తమలో తాము తరుముకుంటూ, పెద్దరికాలు తేల్చుకుంటూ గడిపేస్తాయి. మూడే ఉంటే ఆ చురుకంతా పక్కవాళ్ల మీదికి మళ్లుతుంది. ఏంజెల్ చేప కింద వేలాడే పొడవాటి రెక్కల్ని, మగ గప్పీ విసనకర్ర లాంటి తోకను కొరుక్కు తింటాయి. తెగిన రెక్కకు బూజు పడుతుంది. వారం తిరిగేసరికి గప్పీ ఉండదు. పిల్లవాడు నీళ్లు బాగాలేవనుకుంటాడు, దుకాణదారు మందు సీసా ఇస్తాడు.

“మందలో బతికే చేపను రెండు మూడు చొప్పున కొనడం అన్నిటికన్నా పెద్ద తప్పు,” అంది. “రకాలు తగ్గించి, ఒక్కో రకంలో సంఖ్య పెంచాలి. అన్ని రంగులూ కావాలని ఒక్కో రకానికి రెండేసి తెస్తే, అన్నీ భయంతో బతుకుతాయి.”

“సరే. అయితే ఒకే చోట పుట్టినవాటిని తెద్దాం. ఏంజెల్, నియాన్ రెండూ అమెజాన్ నీళ్లవే అంటారు కదా. ఒక ఊరివాళ్లకు ఒకరి సంగతి ఒకరికి తెలుస్తుంది.”

“ఒకే కాలువలో పుట్టిన కొర్రమీను పరిగెను వదిలిపెడుతుందా మావయ్యా?”

ఈ దెబ్బ ఆయనకు గట్టిగానే తగిలింది. చెరువులో పిల్ల వేసేముందు ఇప్పచెక్క చల్లి పాత చేపను చంపడం, కాలువ నీళ్లు పెట్టే తూముకు సన్నకన్ను వల కట్టడం ఆయన ఏటా చేసే పనే. వల సందులో నుంచి కొర్రమీను పిల్లలు దూరితే సీడు లెక్క తప్పుతుందని ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు. ఏంజెల్ కూడా అంతే. కొన్నప్పుడు రూపాయి బిళ్లంత ఉంటుంది, నియాన్‌లతో కలిసి తిరుగుతుంది. ఆరు నెలలకు అరచేయంత అవుతుంది. ఒక రాత్రి పది నియాన్‌లు ఏడవుతాయి, ఇంకో రాత్రి నాలుగవుతాయి. అడవి నీళ్లలోనూ అది ఆ సైజు చేపల్నే తింటుంది. అందులో దాని తప్పేమీ లేదు, కలిపి వేసినవాళ్లదే తప్పు. నోట్లో పట్టేది ఏదైనా మేతేనన్న లెక్క చెరువుకూ తొట్టికీ ఒకటే.

“అంటే నా నోటి సూత్రం నిలిచినట్టే,” అన్నాడు మేనమామ. “నువ్వు నోరు ఎటు తెరుచుకుందో చూడొద్దన్నావు. నేనిప్పుడు ఎంత తెరుచుకుంటుందో చూడమంటున్నాను.”

ఆమె కాదనలేదు. ఏంజెల్ పేరు మీద గీత పడింది.

గోల్డ్‌ఫిష్ దగ్గర మళ్లీ కలిశారు, కానీ కారణాలు వేరు. ఆయనకు అది గంపెడు పెంట వేసే చేప. ఆమెకు అది చన్నీళ్ల చేప. ఇరవై డిగ్రీల దగ్గర సుఖంగా ఉండే దాన్ని, మే నెలలో గది నీళ్లే 32 దాటే దివిసీమలో, వేడి నీళ్లు కోరే చేపల పక్కన పెడితే రెంటిలో ఒకటి ఎప్పుడూ బాధపడుతూనే ఉంటుంది. అదీ పోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వాదన నీళ్ల మీదికి మళ్లింది. మేనమామ గొంతు పెరిగింది ఇక్కడే.

“నువ్వు చేపతో మొదలుపెట్టి నీళ్లు వెతుకుతున్నావు. మేం నీళ్లతో మొదలుపెట్టి చేపను వెతుకుతాం. ఉప్పు నీళ్లున్నచోట రొయ్య వేస్తాం, మంచినీళ్లున్నచోట శీలావతి వేస్తాం. అవనిగడ్డలో నీకున్న నీళ్లేమిటో ముందు చూడు.”

పెరట్లో బోరు నీళ్లు ఒక గ్లాసు, పంచాయతీ కుళాయి నీళ్లు ఒక గ్లాసు, వంటింట్లో ఇరవై లీటర్ల డబ్బా నుంచి ఆర్‌వో నీళ్లు ఒక గ్లాసు వచ్చాయి. ఆమె సంచిలో నుంచి టీడీఎస్ మీటరు తీసింది. తాగే నీటికి మన ప్రమాణాల ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపైతే మేలు, వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా ఓర్చుకోవచ్చు. బోరు నీళ్లలో మీటరు ఆ పై గీతనూ దాటింది. సముద్రం దగ్గరున్న చోట అది కొత్త కాదు. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువ మీదుగా వచ్చి, చెరువులో నిలవ ఉండి, శుద్ధయి వచ్చే కుళాయి నీళ్లు మధ్యస్తంగా ఉన్నాయి. ఆర్‌వో నీళ్లలో లవణాలు దాదాపు లేనే లేవు.

“నియాన్ టెట్రాకు మెత్తటి నీళ్లు కావాలి,” ఆమె మెల్లగా అంది. “ఆకులు కుళ్లి టీ రంగు తిరిగిన అమెజాన్ పాయల నీళ్లు. మా బందరు ఇంట్లో సగం ఆర్‌వో నీళ్లు కలిపి పెంచుతున్నాను.”

“నువ్వు పెంచుతావు. వారం వారం పాతిక లీటర్లు మార్చాలంటే మీ అమ్మమ్మ డబ్బా మోస్తుందా? ఎవరు చూసుకుంటారో కూడా లెక్కలోకి రావద్దా?”

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. జాబితాలో అన్నిటికన్నా ఆమెకు ఇష్టమైన పేరు అదే. పది ఎర్ర, నీలి గీతలు ఒక్కసారిగా మలుపు తిరగడం చూసినవాళ్లెవరికైనా ఆ ఇష్టం అర్థమవుతుంది. అయినా తనే పెన్ను తీసి కొట్టేసింది.

నీళ్ల సంగతిలో ఇంకో మెలిక ఉంది, అది ఇద్దరికీ వృత్తిలో తెలిసిందే. చేప విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు ఇసుక మీద, ఫిల్టరు స్పాంజిలో ఊరు కట్టుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతకు ముందే చేపలు నింపితే ఎంత సఖ్యంగా ఉండేవైనా చస్తాయి. పైగా పీహెచ్ ఎంత ఎక్కువైతే అమ్మోనియా అంత విషం. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం అర శాతం పైచిలుకు మాత్రమే, 8 దగ్గర అది అయిదు శాతం దాటుతుంది. డెల్టా నీళ్లు క్షారం వైపే మొగ్గుతాయి. చెరువు గట్టున కిట్టు పెట్టి అమ్మోనియా చూసుకోని రోజు లేని మేనమామ, గాజు తొట్టికి కూడా అదే కిట్టు సరిపోతుందని విని పెద్దగా నవ్వాడు.

“చెరువుకు పచ్చ నీళ్లున్నాయి, నాచు ఆ అమ్మోనియాను తినేస్తుంది. దీనికి ఆ దిక్కు కూడా లేదు. అందుకని చేప తక్కువ వెయ్యి. తెల్లవారుజామున చేపలన్నీ నోళ్లు పైకి పెట్టాయంటే ఆక్సిజన్ పడిపోయిందని అర్థం. మబ్బు పట్టిన రోజుల్లో గట్టు మీదే పడుకుంటాం మేం. ఇక్కడ కరెంటు పోతే ఎవరు లేస్తారు?”

ఇరవై డిగ్రీల నీళ్లు లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, ముప్పై డిగ్రీల నీళ్లు ఏడున్నరే. వేడి పెరిగేకొద్దీ చేపకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి, దొరికేది తక్కువ. అందుకే మేనకోడలు గౌరామీల పేరెత్తింది. మన గొరక లాగే వాటికీ తల లోపల గాలి పీల్చుకునే అవయవం ఒకటుంది. పైకి వచ్చి ఒక గుక్క గాలి పట్టుకుని వెళ్తాయి. అందులో హనీ గౌరామీ రెండంగుళాల చేప, గంగా బ్రహ్మపుత్రల వైపుది, ఎవరి జోలికీ పోదు.

అప్పుడు మేనమామ తన అసలు కోరిక బయటపెట్టాడు. “అంత దూరం ఎందుకు? మన కాలువలో పరిగెలున్నాయి, తోక దగ్గర నల్లచుక్కతో ఎంత ముద్దుగా ఉంటాయి. ఒళ్లంతా గాజులా ఉండి లోపలి ముల్లు కనిపించే చిట్టి చేపలున్నాయి. ఈ నీళ్లకు, ఈ ఎండకు పుట్టినవి. అవి పట్టుకొచ్చి వేస్తే సరి.”

ఆమెకు ఆ మాట నచ్చింది, అయినా అడ్డు చెప్పింది. కాలువ చేపతో పాటు చేపపేను వస్తుంది. చెరువులో దాని బాధేమిటో ఆయనకే బాగా తెలుసు. వేరే తొట్టిలో రెండు మూడు వారాలు ఉంచి చూడకుండా వేస్తే మొత్తం పోతాయి. గాజు చేప ప్రస్తావన రాగానే ఆమె గొంతు మారింది. ఆ జాతినే దుకాణాలకు పంపేముందు సూదితో ఒంట్లోకి గులాబీ, పచ్చ రంగులు ఎక్కించేవాళ్లు. ఎన్నో దేశాల్లో చేపల ప్రియులు తిరగబడ్డారు. ఇవాళ్టికీ తెల్ల టెట్రాలకు రంగు పట్టించి అమ్ముతున్నారు. “దుకాణంలో మిఠాయి రంగులో చేప కనిపిస్తే కొనొద్దు మావయ్యా. మనం కొంటున్నంత కాలం ఆ సూది ఆగదు.”

ఆయన తలూపి, జాబితాలో చివరి పేరు చూపించాడు. సక్కర్.

“ఇది మటుకు నా చేత్తో కొట్టేస్తాను. దెయ్యం చేప.”

దక్షిణ అమెరికా నుంచి అక్వేరియంల కోసం వచ్చిన కవచం చేప అది. గాజు మీది నాచు నాకుతుందని కొంటారు. అడుగు దాటి పెరిగేసరికి తొట్టి చాలదు. చంపడానికి మనసొప్పక పక్క కాలువలో వదులుతారు. ఆ దయే మన కాలువలకు శాపమైంది. బిరుసు ముళ్లతో వలలు చింపేస్తుంది, గట్లకు బొరియలు పెడుతుంది, చెరువుల్లో మేత తినేస్తుంది, బజారులో దానికి ధర లేదు. హైదరాబాదు సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల నీళ్లలో ఇది ఎంతదాకా పాకిందో నీటిలో మిగిలే డీఎన్‌ఏ ఆధారంగా కనిపెట్టే పద్ధతి తయారుచేయాల్సి వచ్చింది.

“తొట్టిలో చేపలకు సరిపడాలి అంటున్నావు కదా,” అన్నాడు. “తొట్టి బయట ఉన్న చేపలకు కూడా సరిపడాలి. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు కాలువలో పోస్తారు. పోసినా మన కాలువకు చేటు చేయనిది ఏదో అదే కొను.”

“అలా అయితే గప్పీ కూడా పనికిరాదు. దోమల కోసమని నూరేళ్ల పైనుంచి మన దేశంలో వదులుతూనే ఉన్నారు, అదీ బయటిదే. ఏ చేపనూ పోయకూడదు మావయ్యా, అంతే. పోయాల్సిన అవసరం రాకుండా కొనాలి. పెరిగేవి వద్దు, పిల్లలు పెట్టేవి వద్దు. గప్పీల్లో మగవే తెద్దాం. దుకాణంలో ఆడది ఒంటరిగా ఉన్నా కడుపులో నెలల తరబడి బీజం దాచుకుని ఈనుతూనే ఉంటుంది.”

ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చిన జాబితా చీకటి పడే వేళకు తయారైంది. కుళాయి నీళ్లు, ఒక రోజు నిలవ ఉంచి, హైపో పలుకు వేసి క్లోరిన్ విరిచినవి. ఆరు వారాలు చేప లేకుండా ఫిల్టరు తిరగాలి, రోజూ చిటికెడు మేత మాత్రం వెయ్యాలి, కిట్టులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావాలి. మొదట ఎనిమిది జీబ్రా డానియోలు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల పుస్తకంలో నమోదు చేసిన చేప అది. నెమ్మది వాగుల్లో, వరిచేల నీళ్లలో బతికేది కాబట్టి ఎండకూ చలికీ ఓరుస్తుంది. రెండు వారాల తర్వాత ఆరు మగ గప్పీలు. ఆ తర్వాత, కాస్త చోటు కోరేవి కాబట్టి చివరగా, మూడు హనీ గౌరామీలు. మొత్తం పదిహేడు చేపలు, మూడే రకాలు. ఏదీ రెండంగుళాలు పెద్దగా దాటదు, దేని నోట్లోనూ ఇంకొకటి పట్టదు.

అడుగు అంతస్తు ఒక్కటే తేలలేదు. కిందికి నోరున్నది ఒకటి లేకపోతే రాలిన మేత కుళ్లుతుందని మేనమామ పట్టు. ఆరు కోరిడోరాస్‌లు వేద్దామని మేనకోడలికీ ఉంది, కానీ 28 డిగ్రీలు దాటితే వాటికి కష్టం. తొట్టి మీద ఫ్యాను తిప్పితే నీళ్లు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయని ఆమె అంది. గుడివాడ ఎండలో చల్లబడతాయేమో గానీ సముద్రపు గాలి ఉక్కపోతలో నీళ్లు ఆవిరయ్యేదే తక్కువని ఆయన అన్నాడు.

అందుకని గాజు లోపలి వైపు థర్మామీటరు అంటించారు. రోజూ మధ్యాహ్నం మూడింటికి అందులో అంకె చూసి గోడ మీది క్యాలెండర్లో రాసే పని అమ్మమ్మకు అప్పజెప్పారు. మే నెలాఖరు దాకా. కనుమ మర్నాడు ఇద్దరూ ఎవరి ఊరికి వాళ్లు బస్సెక్కేసరికి, పాల లెక్క పక్కన వణికే చేత్తో రాసిన మొదటి అంకె పడింది: 25.